రహీమ్ సాబ్ లెక్క వేరు

2024లో ‘మైదాన్’ సినిమా వచ్చినప్పుడు మనలో చాలామంది చూశారు. అజయ్ దేవగణ్ చేసిన ఆ కోచ్ మన హైదరాబాద్ మనిషే అన్న సంగతి చాలామందికి అప్పుడే తెలిసింది. ఆయన పేరు సయ్యద్ అబ్దుల్ రహీమ్. ఫుట్‌బాల్ వాళ్ళకి మాత్రం రహీమ్ సాబ్. ఆయన చనిపోయి 60 ఏళ్ళు దాటిపోయింది. భారత ఫుట్‌బాల్‌కి ఆయన తెచ్చిన పతకాల గురించి నెట్‌లో బోలెడంత దొరుకుతుంది. నేను మాత్రం ఆయన జీవితాన్ని ఒక్క వైపు నుంచే చెప్తాను. గోల్ కొట్టేవాళ్ళ వైపు నుంచి కాదు, గోల్ ఆపేవాళ్ళ వైపు నుంచి. అందులోనూ కొత్తగా వచ్చి వెనక నిలబడే కుర్రాళ్ళ వైపు నుంచి.

ఇలా ఎందుకంటే దానికో కారణం ఉంది. మా పెద్దనాన్న కొడుకు టెక్సాస్‌లో ఎమ్మెస్ చేస్తున్నాడు. వెళ్ళిన ఆరు నెలలకే అన్నకి అక్కడి ఫుట్‌బాల్ పిచ్చి పట్టుకుంది. అది మన ఫుట్‌బాల్ కాదు, కోలగా ఉండే బంతిని చేత్తో పట్టుకుని పరిగెత్తే ఆట. అక్కడ ప్రతి ఏప్రిల్‌లో డ్రాఫ్ట్ అని ఒకటి జరుగుతుంది. 32 టీమ్‌లు 7 రౌండ్లలో కాలేజీ కుర్రాళ్ళని ఎంచుకుంటాయి. అలా వచ్చినవాణ్ణి మొదటి ఏడాది రూకీ అంటారు. సీజన్ మొదలయ్యేది సెప్టెంబర్‌లో. ఈ లోపల ఫ్యాన్స్ ఆ కుర్రాడి మీద గాల్లో మేడలు కట్టేస్తారు. అతను వస్తే చాలు, టీమ్ దశ తిరిగిపోతుంది అంటారు. రెండు మ్యాచ్‌లు అవ్వగానే వీడు వేస్ట్ అనేస్తారు. మన ఇళ్ళల్లో కొత్త కోడలు మొదటిసారి వంట చేసిన రోజు అందరి నాలుకలూ ఉప్పు మీదే ఉంటాయి చూడండి, అలాగన్నమాట.

డిఫెన్స్ వాళ్ళకి ఇంకో కష్టం ఉంది. పాస్ అందుకుని పరిగెత్తే ఆటగాణ్ణి ఎన్ని గజాలు, ఎన్ని పాయింట్లు అని కొలవచ్చు. ఆ పాస్ ఆపడానికి అతని పక్కనే ఉండే డిఫెండర్ సంగతి అలా కాదు. అతను నిజంగా బాగా ఆడితే అవతలి వాళ్ళు అసలు అటు వైపు బంతి విసరడమే మానేస్తారు. అప్పుడు స్కోర్ షీట్‌లో అతని పేరు పక్కన ఏమీ ఉండదు. అది చూసి ఫ్యాన్స్ వీడు ఏం పీకుతున్నాడు అంటారు. అదే ఒక్కసారి జారితే ఆ వీడియో పది లక్షల మంది చూస్తారు. అంటే బాగా చేస్తే కనపడని, తప్పు చేస్తే మాత్రమే కనపడే ఉద్యోగం.

అన్న పంపే క్లిప్పులు చూస్తుంటే నాకో ప్రశ్న వచ్చింది. జనం తొందరకీ, ఒక కొత్త డిఫెండర్ ఎదగడానికి పట్టే టైముకీ మధ్య ఎవరో ఒకరు అడ్డంగా నిలబడాలి కదా, ఆ మనిషి ఎలా ఉంటాడు? వెతుక్కుంటూ పోతే మన దగ్గరే దొరికాడు.

రహీమ్ సాబ్ 1909 ఆగస్టు 17న హైదరాబాద్‌లో పుట్టారు. అప్పుడు అది నిజాం రాజ్యం. ఉస్మానియా యూనివర్సిటీ టీమ్‌లో ఫుట్‌బాల్ ఆడారు, డిగ్రీ చేశారు, తర్వాత బడిపంతులు అయ్యారు. వ్యాయామ విద్యలో కూడా చదువు పూర్తి చేశారు. ఆయన జీవితంలో మిగతా అన్నిటికంటే ఈ బడిపంతులు అన్న ముక్క ముఖ్యం అని నాకనిపిస్తుంది. మంచి టీచర్ ఎవరైనా ఆరో తరగతి పిల్లాణ్ణి జూన్‌లో పెట్టిన మొదటి పరీక్ష మార్కులతో తేల్చెయ్యరు. మార్చి దాకా చూస్తారు. ఎక్కడ ఆగిపోతున్నాడో కనుక్కుని అక్కడి నుంచి మొదలుపెడతారు. రహీమ్ సాబ్ గ్రౌండ్‌లోకి తీసుకెళ్ళింది ఈ అలవాటునే.

1940ల్లో ఆయన హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి అయ్యారు, హైదరాబాద్ సిటీ పోలీస్ టీమ్‌ని తన చేతుల్లోకి తీసుకున్నారు. చనిపోయేదాకా ఈ రెండిటినీ వదల్లేదు. కుర్రాళ్ళ కోసం ఆయన పెట్టిన పోటీలు చూస్తే భలే ఉంటాయి. కొన్నిట్లో డ్రిబ్లింగ్ చెయ్యకూడదు, బంతి కాలికి తగలగానే పక్కవాడికి ఇచ్చెయ్యాలి. కొన్నిట్లో అలవాటు లేని కాలితోనే ఆడాలి. కుడికాలి వాటం ఉన్నవాడు ఎడమకాలితో ఆడాలన్నమాట. ఇలాంటి పోటీల్లో ఎవడూ హీరో కాలేడు. అందరూ తడబడతారు, అందరూ నేర్చుకుంటారు. తప్పు చెయ్యడం అక్కడ ఆటలో భాగం. కొత్తవాడికి ఇంతకంటే మంచి చోటు ఏముంటుంది? మన ల్యాబ్‌లో కూడా అంతే. ప్రోగ్రామ్ పదిసార్లు క్రాష్ అయినా ఎవరూ నవ్వని చోటే కోడింగ్ వస్తుంది.

ఫలితం కూడా వచ్చింది. 1950లో సిటీ పోలీస్ టీమ్ ఢిల్లీ డ్యూరాండ్ కప్ ఫైనల్లో మోహన్ బగాన్‌ని ఓడించింది. బొంబాయి రోవర్స్ కప్‌ని 1950 నుంచి 1954 దాకా వరసగా 5 సార్లు గెలిచింది. ఒక పోలీస్ టీమ్ కలకత్తా పెద్ద క్లబ్బులని ఇలా దాటెయ్యడం అప్పట్లో మామూలు విషయం కాదు.

1951లో మొదటి ఆసియా క్రీడలు ఢిల్లీలో జరిగాయి. భారత జట్టు కోచ్ రహీమ్ సాబ్. ఫైనల్లో ఇరాన్ మీద 1-0తో గెలిచి బంగారు పతకం తెచ్చుకున్నాం. గోల్ కొట్టింది మేవాలాల్. అందరికీ గుర్తుండేది ఆ పేరే. కానీ ఆ 1-0లో 1 ఎంత ముఖ్యమో 0 కూడా అంతే ముఖ్యం కదా. ఆ జట్టు కెప్టెన్ శైలేన్ మన్నా వెనక ఆడే డిఫెండర్.

సరిగ్గా ఇక్కడే జనం అంచనాలు ఆకాశానికి వెళ్ళాయి. ఆసియా ఛాంపియన్లం, ఇక ఒలింపిక్స్‌లో చూస్కోండి అన్నట్టు 1952లో హెల్సింకీ వెళ్ళాం. మొదటి మ్యాచ్‌లోనే యుగోస్లావియా చేతిలో 10-1తో ఓడిపోయాం. పది గోల్స్. ఈ రోజు అలా జరిగితే మీమ్స్ ఎన్ని వస్తాయో, గోల్‌కీపర్ ఇంటి అడ్రస్ ఎంతసేపట్లో బయటికొస్తుందో మీరే ఊహించుకోండి.

ఇక్కడ కొంచెం టెక్నికల్ సంగతి చెప్పాలి. అప్పటి పాత పద్ధతి 2-3-5. ముందు ఐదుగురు దాడి చేస్తారు, మధ్యలో ముగ్గురు, పూర్తిగా వెనక ఉండేది ఇద్దరే. అవతలి టీమ్ నుంచి ఐదుగురు మీద పడితే ఈ ఇద్దరూ ఎవరిని ఆపాలి? పైగా మనవాళ్ళలో చాలామంది బూట్లు లేకుండా ఉత్తకాళ్ళతో ఆడారు. ఇక్కడి ఎండలకి, గట్టి నేలకి అలవాటైన పాదాలు అక్కడి చలిలో, తడి గడ్డి మీద ఏం నిలుస్తాయి? అవతల ఉన్నది అల్లాటప్పా టీమ్ కూడా కాదు. ఆ ఒలింపిక్స్‌లో యుగోస్లావియాకి రజత పతకం వచ్చింది.

అంటే ఆ పది గోల్స్‌లో డిఫెండర్ల తప్పు ఎంత, వాళ్ళని నిలబెట్టిన పద్ధతి తప్పు ఎంత? మనకి ఎర్రర్ వచ్చినప్పుడు చివరి లైన్ రాసినవాడిదే తప్పు అనుకోవడం తేలిక. నిజంగా డీబగ్ చేస్తే చాలాసార్లు తప్పు ఇంకెక్కడో ఉంటుంది. హెల్సింకీ తర్వాత జరిగినవి చూడండి. బూట్లు వేసుకునే ఆడాలని జాతీయ సమాఖ్య నిబంధన పెట్టింది. పాత 2-3-5ని వదిలి వెనక మనుషుల్ని పెంచే దారిలోకి రహీమ్ సాబ్ జట్టుని నడిపించారు. వెనక నలుగురుండే 4-2-4 పద్ధతిని 1958 ప్రపంచకప్‌లో బ్రెజిల్ లోకమంతటికీ పరిచయం చేసింది. ఆ దిశగా మన జట్టు అడుగులు 1950ల్లోనే పడ్డాయి. మరి మనుషుల సంగతి? హెల్సింకీ జట్టులో హైదరాబాద్ నుంచి వెళ్ళిన అజీజ్, నూర్ ఉన్నారు. అజీజ్ వెనక ఆడేవాడు, నూర్ మధ్య వరసలో కాపు కాసేవాడు. నాలుగేళ్ళ తర్వాత మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌కి వెళ్ళిన జట్టులో కూడా ఈ ఇద్దరి పేర్లూ ఉన్నాయి. పది గోల్స్ మచ్చ పడ్డ జట్టు నుంచి వచ్చారని రహీమ్ సాబ్ వాళ్ళని అవతల పారెయ్యలేదు. మార్చాల్సింది మార్చారు, ఉంచాల్సినవాళ్ళని ఉంచారు.

ఇది చదివినప్పుడు నాకు మన కాలేజీ సంగతే గుర్తొచ్చింది. పోయిన సంవత్సరం ఇంటర్ కాలేజ్ టోర్నమెంట్‌లో మన టీమ్‌కి ఫస్టియర్ కుర్రాడొకడు రైట్ బ్యాక్ ఆడాడు. ఆళ్లగడ్డ పక్క పల్లె నుంచి వచ్చినవాడు. మూడు మ్యాచ్‌లు బ్రహ్మాండంగా ఆడాడు, ఎవరూ పట్టించుకోలేదు. నాలుగో మ్యాచ్‌లో ఒక్కసారి కాలు జారింది, గోల్ పడింది, ఓడిపోయాం. ఆ ఎనిమిది సెకండ్ల వీడియోకి కామెడీ మ్యూజిక్ కలిపి గ్రూపుల్లో తిప్పారు. ఆ కుర్రాడు ప్రాక్టీస్‌కి రావడం మానేశాడు. తర్వాత నెలలో డిపార్ట్‌మెంట్ ట్రిప్ అని బెలుం గుహలకి వెళ్ళాం. కొలిమిగుండ్ల దగ్గరే కాబట్టి మా వైపు వాళ్ళకి అది కొత్త చోటు కాదు. లోపలికి దిగాక ఫోన్‌లో సిగ్నల్ పోయింది. సప్తస్వరాల గుహలో అందరూ రాళ్ళు మోగించి చూస్తుంటే ఆ కుర్రాడు కూడా మోగించి నవ్వాడు. ఆ నెలలో వాడు నవ్వగా చూడటం నాకు అదే మొదటిసారి.

బెలుం గురించి రెండు లెక్కలు చెప్తాను. గుహల పొడవు కొలిస్తే 3,229 మీటర్లు తేలింది. మనం టికెట్ కొనుక్కుని నడిచేది సుమారు ఒకటిన్నర కిలోమీటరే. మిగిలింది మన కాళ్ళ పక్కనే చీకట్లో ఉంటుంది. ఇంకోటి, రాబర్ట్ బ్రూస్ ఫుట్ అనే భూగర్భ శాస్త్రవేత్త 1884లోనే ఈ గుహల గురించి రాసి పెట్టాడు. జర్మన్ బృందం వచ్చి వివరంగా కొలిచింది 1982, 83లో. జనం కోసం లైట్లు, దారులు వేసి తెరిచింది 2002లో. మధ్యలో వందేళ్ళకి పైగా చాలామందికి అది పొలాల మధ్య ఉన్న గుంతలే. ఆటలో డిఫెండర్ పని కూడా సగానికి సగం ఇలా భూమి కింద ఉండే పని. అది చూడాలంటే దిగి కొలిచే ఓపిక ఉన్న మనిషి కావాలి. రహీమ్ సాబ్‌కి ఆ ఓపిక ఉంది.

ఇప్పుడు మెల్‌బోర్న్‌కి వద్దాం. 1956 నవంబర్ 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. హైదరాబాదూ, మన కర్నూలు జిల్లా ఒకే రాష్ట్రంలోకి వచ్చాయి. సరిగ్గా నెల తర్వాత డిసెంబర్ 1న మెల్‌బోర్న్‌లో మన జట్టు ఆతిథ్య ఆస్ట్రేలియాని 4-2తో ఓడించింది. నెవిల్ డిసౌజా హ్యాట్రిక్ కొట్టాడు. సెమీఫైనల్లో మళ్ళీ అదే యుగోస్లావియా. ఈసారి మనమే ముందు గోల్ కొట్టాం, చివరికి 4-1తో ఓడిపోయాం. కాంస్య పతకం మ్యాచ్‌లో బల్గేరియా 3-0తో గెలిచింది. మనది నాలుగో స్థానం. ఒలింపిక్స్ ఫుట్‌బాల్‌లో ఇప్పటిదాకా మన అత్యుత్తమం అదే.

ఆ జట్టులో 20 ఏళ్ళ తులసీదాస్ బలరామ్ ఉన్నాడు. డిఫెండర్ కాదు, ఫార్వర్డ్. కానీ కొత్తవాళ్ళని రహీమ్ సాబ్ ఎలా చూసేవారో ఇతని కథలో బాగా తెలుస్తుంది. సికింద్రాబాద్ దగ్గర అమ్ముగూడలో పేద కుటుంబం. స్థానిక మ్యాచ్‌లో ఆట చూసి రహీమ్ సాబ్ ప్రాక్టీస్‌కి రమ్మన్నారు. రోజూ అంత దూరం రావడానికి కుర్రాడి దగ్గర డబ్బుల్లేవు. సైకిల్ అద్దెకి తీసుకో, అద్దె నేను కడతాను అని ఆయనే దారి చూపించారు. ప్రతిభ చూసి చప్పట్లు కొట్టేవాళ్ళు వేలమంది ఉంటారు. ఆ ప్రతిభ రేపు పొద్దున గ్రౌండ్‌కి ఎలా వస్తుంది అని ఆలోచించేవాడు ఒక్కడుంటే గొప్ప.

పీటర్ తంగరాజ్ కథ ఇంకో రకం. 1935లో హైదరాబాద్‌లో పుట్టిన ఈ ఆరడుగులు దాటిన మనిషి మొదట సెంటర్ ఫార్వర్డ్. సైన్యంలో చేరి మద్రాస్ రెజిమెంటల్ సెంటర్ టీమ్‌లో ఆడుతూ గోల్‌కీపర్‌గా మారాడు. గోల్ కొట్టే చోటు నుంచి గోల్ ఆపే చోటుకి రావడమంటే చప్పట్లు వచ్చే చోటు నుంచి తిట్లు వచ్చే చోటుకి రావడమే. అతను కూడా మెల్‌బోర్న్ జట్టులో ఉన్నాడు.

1960లో రోమ్. ఈ భాగం రాసేటప్పుడు నా చెయ్యి కొంచెం ఆగింది. ఆ జట్టులో అరుణ్ ఘోష్ అనే డిఫెండర్ ఉన్నాడు. 1941లో పుట్టాడు. రోమ్‌లో అతని వయసు 19. అంటే ఇప్పుడు నా వయసు. నేను మిడ్ ఎగ్జామ్‌కే రాత్రంతా నిద్రపోను. అతను ఒలింపిక్స్‌లో హంగరీ, ఫ్రాన్స్, పెరూ ఉన్న గ్రూపులో పడ్డ జట్టుకి డిఫెండర్. పంజాబ్ నుంచి వచ్చి మోహన్ బగాన్‌లో పేరు తెచ్చుకున్న జర్నైల్ సింగ్, కేరళ చంద్రశేఖరన్ కూడా ఆ జట్టులోనే ఉన్నారు.

హంగరీ మీద 2-1తో ఓడిపోయాం. ఫ్రాన్స్‌తో 1-1 డ్రా. పెరూ మీద 3-1తో ఓడిపోయాం. ఒక్క గెలుపు కూడా లేదు, గ్రూపులో చివరి స్థానం. నాలుగేళ్ళ కిందట సెమీఫైనల్ ఆడిన జట్టు కాబట్టి పేపర్లో రిజల్ట్ మాత్రమే చూసేవాడికి ఇది వెనకడుగే. అదే రహీమ్ సాబ్ లెక్కతో చూడండి. 1952లో ఒక్క మ్యాచ్‌లో పది గోల్స్ తిన్నాం. 1956లో యుగోస్లావియా మీద 4, బల్గేరియా మీద 3. 1960లో 3 మ్యాచ్‌లూ కలిపి 6. అందులో హంగరీ ఆ ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచిన జట్టు. వాళ్ళకి మనమిచ్చింది రెండే. ఎనిమిదేళ్ళ గ్రాఫ్ గీస్తే గీత ఎటు పోతోందో చిన్నపిల్లాడు కూడా చెప్తాడు. అయితే ఫ్యాన్స్ ఎవరూ ఎనిమిదేళ్ళ గ్రాఫ్ గీయరు. నిన్నటి మ్యాచ్ చూస్తారు, అంతే.

రెండేళ్ళకి 1962 ఆగస్టులో జకార్తా ఆసియా క్రీడలు వచ్చాయి. రోమ్ వెళ్ళిన డిఫెండర్లు అరుణ్ ఘోష్, జర్నైల్, చంద్రశేఖరన్ ముగ్గురూ జకార్తా వెళ్ళారు. అప్పటికి రహీమ్ సాబ్‌కి ఊపిరితిత్తుల క్యాన్సర్. ఆ ఒంటితోనే జట్టుతో వెళ్ళారు. మొదటి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా 2-0తో ఓడించింది. తర్వాత థాయ్‌లాండ్ మీద 4-1, జపాన్ మీద 2-0 గెలిచాం. కానీ థాయ్‌లాండ్ మ్యాచ్‌లో జర్నైల్ సింగ్ తల పగిలి కుట్లు పడ్డాయి.

వెనక వరసలో అందరికంటే గట్టి మనిషి గాయపడితే ఏ కోచ్ అయినా ఏం చేస్తాడు? కూర్చోబెడతాడు. రహీమ్ సాబ్ అతన్ని ముందుకి పంపారు. సెంటర్ ఫార్వర్డ్‌గా! డిఫెండర్‌కి డిఫెండర్ ఎలా ఆలోచిస్తాడో తెలుసు కాబట్టి అవతలి వాళ్ళకి తలనొప్పి అవుతాడు. సెమీఫైనల్లో దక్షిణ వియత్నాం మీద 3-2తో గెలిచాం, అందులో ఒక గోల్ జర్నైల్‌ది. అందరూ చెప్పుకునే ఎత్తు ఇది. అయితే ఈ ఎత్తు పారాలంటే ఒక షరతు ఉంది. జర్నైల్ ఖాళీ చేసిన చోటు కూలిపోకూడదు. అంటే వెనక మిగిలిన అరుణ్ ఘోష్, చంద్రశేఖరన్, త్రిలోక్ సింగ్ మీద రహీమ్ సాబ్‌కి పూర్తి నమ్మకం ఉండాలి. రోమ్‌లో 19 ఏళ్ళ కుర్రాడికి ఇప్పుడు 21. ఆ రెండేళ్ళు ఇచ్చినందుకు ఫలం ఇప్పుడు అందింది.

ఫైనల్ సెప్టెంబర్ 4న, మళ్ళీ దక్షిణ కొరియాతోనే. గ్రౌండ్ పరిస్థితి మాత్రం ఘోరం. ఇజ్రాయెల్, తైవాన్ ఆటగాళ్ళకి ఇండోనేషియా వీసాలు ఇవ్వలేదు. అలాంటప్పుడు వీటిని ఆసియా క్రీడలు అనకూడదని మన దేశానికే చెందిన ఒలింపిక్ అధికారి సోంధీ అభ్యంతరం చెప్పారు. జకార్తా జనం భగ్గుమన్నారు. భారత దౌత్య కార్యాలయం మీద దాడి కూడా జరిగింది. స్టేడియంలో సుమారు లక్ష మంది. వాళ్ళ టీమ్ ఆడకపోయినా అందరూ మనకి వ్యతిరేకమే. ఆటకి ముందు రాత్రి రహీమ్ సాబ్ ఆటగాళ్ళని పిలిచి తనకి ఒక కానుక కావాలని, అది రేపటి బంగారు పతకమని అడిగారని వాళ్ళు తర్వాత చెప్పుకునేవారు.

అప్పటిదాకా గోల్‌లో నిలబడ్డ ప్రద్యుత్ బర్మన్ బదులు, ఫ్లూ నుంచి లేచిన తంగరాజ్‌ని ఆ రోజు దించారు. 17వ నిమిషంలో పీకే బెనర్జీ గోల్ కొట్టాడు. 20వ నిమిషంలో జర్నైల్ కొట్టాడు, తలకి కుట్లతోనే. 2-0. సినిమాకి ఇది చాలు. కానీ ఆట ఇంకా మూడొంతులకి పైగా మిగిలి ఉంది. టోర్నమెంట్‌లో ఇంతకుముందే మనల్ని ఓడించిన కొరియా మీద మీదకి వస్తోంది, లక్ష గొంతులు గోల చేస్తున్నాయి. ఆ మిగిలిన ఆటంతా వెనకవాళ్ళదే. కొరియా ఒక గోల్ కొట్టగలిగింది, అదీ ఆఖర్లో. 2-1. బంగారం మనది. మొదటి 20 నిమిషాల కథ అందరికీ తెలుసు. ఆ తర్వాత తంగరాజ్ ముందు నిలబడి ఎన్నిసార్లు బంతిని బయటికి తన్నారో, ఎన్ని పాస్‌లకి అడ్డం వెళ్ళారో ఏ రికార్డు పుస్తకంలోనూ అంకెగా లేదు. నాకు ఆ మ్యాచ్‌లో అసలైన భాగం అదే.

రహీమ్ సాబ్ 1963 జూన్ 11న కన్నుమూశారు. 53 ఏళ్ళు. జకార్తాకి తొమ్మిది నెలలు. ఆ తర్వాత ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో మనకి మళ్ళీ బంగారం రాలేదు. 1970లో కాంస్యం వచ్చింది, అంతే. ఒలింపిక్స్ ఫుట్‌బాల్‌కి రోమ్ తర్వాత అసలు వెళ్ళనే లేదు. ఒక్క మనిషి పోవడమే దీనికి కారణం అనను. ఎత్తులు, పద్ధతులు ఎవరైనా పుస్తకం చూసి నేర్చుకోవచ్చు. జనం తిడుతున్న కుర్రాణ్ణి రెండేళ్ళు, నాలుగేళ్ళు దగ్గర పెట్టుకునే గుండె మాత్రం పుస్తకంలో దొరకదు.

ఫ్యాన్స్ ఆశ పెట్టుకోవడం తప్పని నేను చెప్పట్లేదు ఫ్రెండ్స్. ఆశ లేకపోతే గ్యాలరీ ఖాళీగా ఉంటుంది. ఆట చచ్చిపోతుంది. కొత్తవాడి మీద ఆశ పెట్టుకోండి, కానీ ఏది కొలుస్తున్నారో చూసుకోండి. డిఫెండర్‌ని గోల్స్‌తో కొలవకూడదు. అతని వైపు నుంచి ఎన్ని దాడులు వచ్చాయో, అందులో ఎన్ని ఆగిపోయాయో చూడండి. అతని పక్కన ఎవరున్నారో, ఇద్దరు చెయ్యాల్సిన పని ఒక్కడి నెత్తిన పడిందా అని చూడండి. ఒక్క మ్యాచ్ కాదు, ఒక సీజన్ చూడండి. అన్నకి కూడా ఇదే మెసేజ్ పెట్టాను. రిప్లైగా వాళ్ళ టీమ్ కొత్త డిఫెండర్ గురించి ఇంకో తిట్టు పంపాడు. పర్లేదు, సెప్టెంబరే కదా ఇంకా.

ఆఖరిగా అరుణ్ ఘోష్ సంగతి. 19 ఏళ్ళకి రోమ్‌లో గ్రూపులో చివరి స్థానం వచ్చిన జట్టులో ఆడిన ఆ కుర్రాడికి 1965లో అర్జున అవార్డు వచ్చింది. ఆ తర్వాత ఆయనే భారత జట్టుకి కోచ్ కూడా అయ్యారు. 1960లో రోమ్ నుంచి విమానం దిగినప్పుడు ఎవరో ఒకరు వీడు వేస్ట్ అని పక్కన పెట్టేసి ఉంటే జకార్తాలో జర్నైల్‌ని ముందుకి పంపే ధైర్యం ఎవరికీ వచ్చేది కాదు. రహీమ్ సాబ్ పక్కన పెట్టలేదు.